మూడు రోజుల్లో కిలోన్నర

మా ఆయన బరువు మూడు రోజుల్లో కిలోన్నర పెరిగిందని కాంటా చూపించిన పొద్దున నేను మొదట అనుమానించింది చింతకాయ తొక్కు జాడీని. అటక మీద, పాత దుప్పట్ల వెనక దాన్ని నేనే దాచాను. స్టూలెక్కి దించి, గుడ్డ విప్పి చూశాను. దాచేటప్పుడు పైన గట్టిగా అదిమిన నా వేళ్ళ అచ్చులు అలాగే ఉన్నాయి. అయినా నమ్మకం కుదరలేదు. తీసినవాడు మళ్ళీ అదిమి పెట్టి ఉండొచ్చు కదా. నా వేళ్ళు ఆ అచ్చుల్లో ఒక్కొక్కటే పెట్టి చూసుకున్నాను. సరిపోయాయి.

అప్పటికి ఆయన ఆసుపత్రి నుంచి వచ్చి నెలన్నర అయింది. మాది రాయదుర్గం. నేను జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో మిషను మీద పనిచేస్తాను. ఆయన నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు. బోర్లు ఎండిన ఊళ్ళకు, పెళ్ళిళ్ళకు, కాయ పట్టిన చీనీ తోటలకు నీళ్ళు తోలేవాడు. ఆ చలికాలంలో పైపు భుజాన వేసుకొని నాలుగడుగులు నడిస్తే రొప్పు మొదలైంది. ఇద్దరం గ్యాస్ అనుకున్నాం. జీలకర్ర నీళ్ళు తాగాడు. తర్వాత వెల్లకిలా పండుకోవడం కుదరలేదు. మూడు దిండ్లు వేసుకొని, కూర్చున్నట్టే నిద్రపోయేవాడు. ఒకరోజు పాదాలు చెప్పుల్లో పట్టలేదు. బొటనవేలితో నొక్కితే గుంట పడింది, చాలాసేపు పూడలేదు. అనంతపురంలో గుండె డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఆ రోజే చేర్చుకున్నారు.

పంపించేటప్పుడు డాక్టరు ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి చెప్పాల్సినవన్నీ చెప్పాడు. రోజూ పొద్దున ఒంటేలుకు పోయొచ్చాక, ఏమీ తినకముందే బరువు చూసుకోవాలి, రాసి పెట్టుకోవాలి. రోజు మొత్తానికి చిన్న చెంచాకు మించి ఉప్పు కడుపులోకి పోకూడదు. నీళ్ళు, టీ, మజ్జిగ, చారు అన్నీ కలిపి లీటరున్నర. పొద్దున వేసుకునే నీళ్ళ మాత్ర, అంటే ఒంట్లో చేరిన నీరు దించేది, మానకూడదు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాళ్ళు వాచినా వెంటనే ఫోన్ చేయాలి. ఆయన అన్నిటికీ తలూపాడు.

తర్వాత డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. "గుండె చానా బలహీనంగా ఉండాదమ్మా. సగం కూడా పనిచేస్తాండలేదు. జాగ్రత్తగా ఉంటే చానా ఏండ్లు ఉంటాడు. లేకుంటే మళ్ళీ మళ్ళీ రావాల్సొస్తాది, వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం పోతాది" అన్నాడు.

నేను లోపలికి వచ్చేసరికి ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "ఏమన్యాడు?" అని అడిగాడు.

"కొంచెం వీకంట. మందులేసుకుంటే సరిపోతాదంట" అన్నాను.

ఆయన నా మొహం కేసి చూసి, మిగిలిన గుండీ పెట్టుకున్నాడు. అబద్ధం మొదట ఆడింది నేనే. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది గానీ, ఆ రోజుల్లో ఇంట్లో అబద్ధాలాడే మనిషి ఆయనొక్కడే అని నా నమ్మకం.

ఇంటికొచ్చాక నా కళ్ళు మారిపోయాయి. ఊరుబిండి పచ్చడి రోట్లో నూరడం మానేశాను. ఊరమిరపకాయల డబ్బా చెల్లెలి ఇంటికి పంపేశాను. యూనిట్‌కు పోయే ముందు ఉప్పు డబ్బాలో ఉప్పును చెంచాతో చదును చేసి, పైన చూపుడు వేలితో చిన్న ముగ్గు గీసేదాన్ని. సాయంత్రం వచ్చీ రాగానే మూత తీసి చూసేదాన్ని. నీళ్ళకు రెండు సీసాలు పెట్టాను, ఒక్కొక్కటి ముప్పావు లీటరు. ఆయన ఆ సీసాలను చూసి మొదటిరోజు నవ్వాడు. "ట్యాంకర్లకు ట్యాంకర్లు తోలినోన్ని మే. నాకే సీసాలో పోసిస్తాండావు" అన్నాడు. రెండో రోజు నుంచి నవ్వలేదు.

మాత్రల పట్టీలు రోజూ లెక్క చూసేదాన్ని. ఆయన కడుక్కొచ్చిన చేతిని ఏదో ఇస్తున్నట్టు పట్టుకొని వాసన చూసేదాన్ని. క్లచ్ తొక్కి తొక్కి ఆయన ఎడమ మోకాలు అరిగిపోయింది. ఇంట్లో ఊరికే కూర్చునేసరికి ఆ నొప్పి ఇంకా ఎక్కువైంది. లేచేటప్పుడల్లా పళ్ళు బిగించేవాడు. చూడలేక, మా యూనిట్లో నడుం నొప్పికి అందరం వేసుకునే మాత్ర ఒకటి రోజూ రాత్రి తిన్నాక చేతిలో పెట్టేదాన్ని. నా పెత్తనాలన్నిటిలో ఆ ఒక్కదానికే ఆయన విసుక్కోకుండా చెయ్యి చాచేవాడు.

బరువు మాత్రం ఎక్కుతూ పోయింది. గోడ మీది క్యాలెండరులో తేదీ గడిలో, రాహుకాలం పక్కన పెన్సిలుతో రాసేదాన్ని. అరవై ఎనిమిది. అరవై ఎనిమిదిన్నర. అరవై తొమ్మిది. అరవై తొమ్మిదిన్నర.

కాంటా మీద కూడా అనుమానం వచ్చింది. మా ఇంట్లో నేలబండలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఆదివారం నాడు విప్పని ఇరవై ఐదు కిలోల బియ్యం మూటను ఎత్తి దాని మీద పెట్టాను. ఇరవై ఐదు చూపించింది. పడసాలలో పెట్టి చూశాను, వంటింట్లో పెట్టి చూశాను. అదే ఇరవై ఐదు. ఆయన మంచం మీద కూర్చొని ఇదంతా చూస్తున్నాడు.

"కాంటా సరిగ్గానే ఉండాదా?" అన్నాడు.

"ఉండాది."

"అయితే దొంగను నేనే అంటావు."

నేను బియ్యం మూటను మళ్ళీ మూలకు చేర్చాను. అదే జవాబని ఆయనకు తెలుసు.

ఆయన అనుమానాలు ఆయనకున్నాయని అప్పుడు నాకు తెలియదు. నేను పనికి పోయాక నీళ్ళ సీసాలను కొలపాత్రలో పోసి చూసేవాడట, తక్కువ పోసి పెడుతున్నానేమోనని. పొద్దున మాత్రల్లో ఒకటి నిద్రమాత్రని అనుకున్నాడట. మధ్యాహ్నం మత్తుగా ఉంటోంది కాబట్టి, తనను ఇంట్లో పండబెట్టడానికి డాక్టరూ నేనూ కలిసి చేసిన ఏర్పాటని. నేను ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడితే తన గురించేనని తలుపు దగ్గర నిలబడేవాడట. ఇవన్నీ తర్వాత ఆయనే చెప్పాడు. ఒకే ఇంట్లో ఇద్దరం ఒకరి వెనక ఒకరం కాపలా కాశాం.

ఒక సోమవారం ఆయన చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో నూనె మరకల పేపరు ముక్క దొరికింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మిరపకాయ బజ్జీ. నాకు కోపం కంటే ముందు ఒక సంతోషం కలిగింది, సిగ్గు విడిచి చెబుతున్నాను. దొరికాడు కదా అని.

పేపరు తెచ్చి ఆయన ముందు పెట్టాను. "ఇదేమప్పా?"

ఆయన పేపరు మడత విప్పి చూశాడు. "బజ్జీ కట్టిచ్చిన పేపరు."

"తిన్నావు కదా?"

"ఒక కొరుకు కొరికినా. మిగిలింది ఆడనే కుక్కకేసినా."

"ఎవరికి చెప్తాండావు? రోజూ తింటాండావు. పొద్దున ఉగ్గాని కూడా తింటాంటావు. ల్యాకుంటే ఈ బరువు యాడనుంచి వచ్చింది? గాలి తాగితే వచ్చిందా?"

"ఒక్క కొరుకు అని చెప్తాండా కదా!" అని అరిచాడు. ఆ అరుపుకే ఆయాసం వచ్చి గోడ పట్టుకున్నాడు. నేను పోయి పట్టుకోలేదు. తప్పు చేసినవాళ్ళే అరుస్తారు అనుకున్నాను. నిలబడి చూశాను.

మరుసటి రోజు మధ్యాహ్నం తిండి గంటలో యూనిట్ నుంచి బయటపడి బస్టాండు దగ్గర టీ అంగడికి పోయాను. ఆయన రోజూ కూర్చునేది అక్కడే. అంగడి నడిపే ఆమెకు మా ఆయన పాతికేళ్ళుగా తెలుసు. బాణలి ముందు కూర్చొని బజ్జీలు తీస్తోంది.

"అక్కా, నిజం చెప్పు. మా ఆయన ఈడ ఏం తింటాండాడు?" అని అడిగాను.

ఆమె జల్లిగరిటె పక్కన పెట్టింది. "ఏమీ తినడు. చక్కెర లేని టీ అరగ్లాసు తాగుతాడు. మొన్నొకరోజు బజ్జీ అడిగినాడు. నేను వద్దంటే, ఒక్కటియ్యక్కా, రుచి మర్చిపోయినా అన్యాడు. కొన కొరికి, కండ్లు మూసుకొని నమిలి, మిగిలింది కుక్కకేసినాడు. పేపరు జేబులో పెట్టుకున్యాడు."

"పేపరెందుకు పెట్టుకున్యాడు?"

"వాసనకేమో మరి" అంది.

నేను నమ్మలేదు. ఆయన ముందుగానే ఆమెకు చెప్పి పెట్టి ఉంటాడని, ఇద్దరూ ఒకటే మాట అంటున్నారంటే అందుకేనని తీర్మానించుకొని మిషను దగ్గరికి తిరిగి వచ్చాను. ఆ మధ్యాహ్నం రెండు ప్యాంట్లకు జేబులు తలకిందులుగా కుట్టి, విప్పి మళ్ళీ కుట్టాను.

డెబ్భై ఒకటి దాటిన రోజు ఫోన్ చేయాల్సింది. చేయలేదు. డాక్టరు అడిగితే ఏమని చెప్పాలి, మా ఆయన దొంగతిండి తింటున్నాడనా? ఈ వారం గట్టిగా కట్టడి చేస్తే దిగుతుందిలే అనుకున్నాను. కూరలో ఆ చెంచా ఉప్పు కూడా తీసేశాను. ఆయన ఉప్పులేని పప్పు, సంగటి మాట్లాడకుండా తిని లేచేవాడు. రాత్రి తిన్నాక మోకాలి మాత్ర కోసం చెయ్యి చాచేవాడు. ఇచ్చేదాన్ని.

నాలుగు రోజుల తర్వాత తెల్లవారి నేను ముఖం కడుక్కుంటుంటే దగ్గు వినిపించింది. ఆయన మంచం అంచున కూర్చొని, రెండు చేతులు మోకాళ్ళ మీద ఆన్చి, నోరు తెరిచి గాలి లాగుతున్నాడు. కాళ్ళు మోకాళ్ళ దాకా నున్నగా మెరుస్తున్నాయి. ఆటోలో ఊళ్ళో ఆసుపత్రికి తీసుకుపోయాను. సూది వేసి, ఆక్సిజన్ పెట్టి, కొంచెం కుదుట పడ్డాక అంబులెన్సులో అనంతపురం పంపారు. కళ్యాణదుర్గం దాటాక ఆయన ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "నేను తినలే" అన్నాడు. "మాట్లాడద్దు" అన్నాను. అది ఆయన మంచికి అన్నానో, వినడం ఇష్టం లేక అన్నానో ఇప్పటికీ చెప్పలేను.

మూడో రోజు ఆయాసం తగ్గి మామూలు వార్డులోకి వచ్చాక ఒక నర్సమ్మ కాగితం, పెన్ను పట్టుకొని వచ్చింది. ఇంటి దగ్గర ఎలా ఉంటున్నారో గుండె జబ్బు వాళ్ళను అడిగి తెలుసుకోవడం ఆమె పని. ఆమె కుర్చీ లాక్కునేలోపే నేను మొదలుపెట్టాను. బజ్జీ పేపరు, టీ అంగడి, బరువు ఎక్కిన తీరు, అన్నీ చెప్పాను. ఆమె అంతా విని, "సరే అక్కా. ఇంగ కొంచెంసేపు నువ్వు మాట్లాడద్దు" అంది. ఆయన వైపు తిరిగింది.

"అన్నా, పొద్దున లేసినప్పటి నుంచి పండుకునేదాకా నోట్లోకి పోయేవన్నీ చెప్పు. మంచివీ, చెడ్డవీ అని చూడద్దు. నేనేమీ అనను."

ఆయన వేళ్ళు మడుస్తూ చెప్పాడు. పొద్దున మాత్రలు, ఒక సీసా నీళ్ళు, రెండు దోసెలు, అరగ్లాసు టీ, సంగటి, పప్పు, ఇంకో సీసా నీళ్ళు, చపాతీలు. ఒక్కరోజు బజ్జీ, ఒక్క కొరుకు. "పండుకునే ముందర మోకాలి నొప్పి మాత్ర."

పెన్ను ఆగింది. "ఏం మాత్ర అది? మేం రాసిచ్చినట్టు లేదే. ఎవరిచ్చినారు?"

ఆయన నా వైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత కిటికీ వైపు చూస్తూ, "నేనే, అంగట్లో అడిగి తెచ్చుకున్యా" అన్నాడు.

అది అబద్ధం. రెండు నెలలుగా నేను ఆయన చేతుల్లో, జేబుల్లో, కళ్ళల్లో వెతికిన అబద్ధం. దాన్ని ఆయన నా కోసం ఆడాడు. చేతిసంచి తెరిచి, సగం ఖాళీ అయిన పట్టీ తీసి నర్సమ్మ చేతిలో పెట్టాను.

"నేనే ఇచ్చినా. రోజూ ఒకటి. నా మాత్రలవి."

ఆమె పట్టీ తిప్పి పేరు చదివింది. అరవలేదు. "అక్కా, గుండె వీకుగా ఉన్నోళ్ళకు ఇవి పడవు. ఇవి ఉప్పునూ నీళ్ళనూ ఒంట్లోనే పట్టి పెడతాయి. పొద్దున మేమిచ్చే నీళ్ళ మాత్రను పనిచేయనియ్యవు. అన్న నీళ్ళు కొలిచి తాగినా, ఉప్పు మానినా, బరువు దిగదు. చానామంది ఇండ్లల్లో ఇదే జరుగుతాది. ఏం మందులేసుకుంటాండారని అడిగితే గుండె మందులే చెప్తారు, ఇవి చెప్పరు" అంది. మోకాలికి వేరే మాత్ర, కట్టుకునే పట్టీ, కాపడం డాక్టరుతో రాయిస్తానని చెప్పి, కాగితం మీద ఏదో రాసుకొని పోయింది.

మేమిద్దరం మిగిలాం. పక్క మంచం ఆమె అన్నం తింటోంది. ఏదో ఒకటి అంటాడని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన దుప్పటి సర్దుకొని, "నొప్పి మాత్రం బాగా తగ్గేది" అన్నాడు.

మరుసటి పొద్దున డాక్టరు వచ్చినప్పుడు ఆయన లేచి కూర్చున్నాడు. "సార్, నా గుండె ఎంత పనిచేస్తాందో నాకే చెప్పండి. బయటికి పిలిచి ఈమెకు చెప్పద్దు." డాక్టరు నన్ను చూశాడు. నేను తలొంచుకున్నాను. డాక్టరు మంచం అంచున కూర్చొని, కాగితం మీద గుండె బొమ్మ గీసి, ఏమీ దాచకుండా చెప్పాడు. ఆయన ఆ బొమ్మ అడిగి తీసుకొని మడిచి జేబులో పెట్టుకున్నాడు. డాక్టరు పోయాక, "కొంచెం వీకంటివే" అన్నాడు.

"భయపడతావని."

"భయపడనీలే మే. నా గుండే కదా."

వారానికి ఇంటికొచ్చాం. అరవై ఆరున్నరకు దిగాడు. వచ్చిన మరుసటి రోజు నేను లేచేసరికే ఆయన కాంటా మీద నిలబడి ఉన్నాడు. పెన్సిలు అందుకోబోతే నా చేతిలోంచి తీసుకొని క్యాలెండరులో తనే రాశాడు. వంకర అంకెలు, గడి దాటిపోయాయి. కూరలో ఉప్పు తనే వేస్తానన్నాడు. నర్సమ్మ నంబరు తన ఫోన్లో ఎక్కించుకున్నాడు. ఏ కొత్త మాత్ర వేసుకోవాలన్నా, దగ్గు మందైనా సరే, ఆమెకు పట్టీ ఫోటో పంపి అడిగేవాడు. నేను ఉప్పు మీద ముగ్గు గీయడం మానేశాను. మొదటి వారం ఆ డబ్బా ముందు చెయ్యి దానంతటదే లేచేది.

అనుమానం మాత్రం పూర్తిగా పోయిందంటే అబద్ధమాడినట్టు అవుతుంది. ఈ ఎండాకాలంలో, గాలి కూడా కాలుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం ఇంటికొస్తే పొద్దున వేసుకోవాల్సిన నీళ్ళ మాత్రలో సగం ముక్క పట్టీలోనే కనిపించింది.

"ఇదేంది, సగమే వేసుకున్యావు?"

"రెండు రోజులుగా నిలబడితే కండ్లు తిరుగుతాండాయి. బరువు చూసుకుంటే రెండు కిలోలు తగ్గినా. నర్సమ్మకు ఫోన్ చేసినా. ఎండకు ఒంట్లో నీళ్ళు ఎక్కువ పోతాండాయంట. బీపీ చూపించుకోమన్నె, చూపించుకున్యా. డాక్టర్ను అడిగి, వారం రోజులు సగమేసుకోమన్నె. ఇంకో గ్లాసు నీళ్ళు కూడా తాగమన్నె."

చక్కగా, తడుముకోకుండా చెప్పాడు. ఆ తడుముకోకపోవడమే నాకు నచ్చలేదు. ఒంటేలుకు మాటిమాటికి లేవడం ఆయనకు విసుగు, పైగా నీళ్ళంటే ప్రాణం. మాత్ర సగం, నీళ్ళు ఎక్కువ. కావాల్సినవి రెండూ డాక్టరు నోటితోనే వచ్చాయంటే ఎట్లా నమ్మను? సరే అన్నాను. మరుసటి రోజు యూనిట్లో బట్టల మూటల వెనక నిలబడి, మిషన్ల మోతలో ఒక చెవి మూసుకొని నర్సమ్మకు ఫోన్ చేశాను.

"అన్న నిజమే చెప్పినాడక్కా" అంది ఆమె. "నువ్వు చేస్తావని కూడా చెప్పినాడు."

సాయంత్రం ఇంటికి పోయేసరికి ఆయన గడప దగ్గర కూర్చొని అనపకాయలు ఒలుస్తున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"ఫోన్ చేసినావా?"

"చేసినా."

"ఏమనె?"

"నువ్వు చెప్పిందే."

ఆయన చాట నా వైపు కొంచెం జరిపాడు. చెప్పులు విడిచి, పక్కన కూర్చొని నేనూ ఒలవడం మొదలుపెట్టాను.